మోటారుసైకిలు ఊపిరి – నీటి గండము



ముప్పదిమూడేండ్లు బడిపిల్లలకు శబ్దములును ఛందస్సును పద్యములును చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడు నేడు మోటారుసైకిలును గూర్చి ప్రసంగింప వచ్చినాడేమి యని మీలో పెక్కురకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఆ ఆశ్చర్యము న్యాయమైనదే. నాకు ఆ బండిని నడుపుట సైతము చేతకాదు. వెనుక కూర్చుండి, పంచె చెఱగు చక్రములో పడకుండ చూచుకొనుట వఱకే నా విద్య. అయినను ఒకనాడు నేను తెలియక చెప్పిన యొక్క మాటవలన ఒక పేద కుటుంబమునకు నష్టము కలిగినది. ఆ తరువాత తెలిసికొన్న సంగతులను నావంటి పెద్దలకు చెప్పిన, ఆ ఋణము కొంతయైన తీరునని తలచి మీ ముందునకు వచ్చితిని.

పూర్వము మన గ్రామములలో ఇంటింటను ఎడ్లబండి యుండెడిది. ఎద్దునకు ఎప్పుడు నీరు పెట్టవలయునో, ఎప్పుడు నాడాలు కొట్టింపవలయునో, వాగు వచ్చినప్పుడు ఏ రేవున దాటవలయునో, ఏ రేవున దాటరాదో ఇంటి పెద్ద యెఱుగును. నేడు ఆ కొట్టములో మోటారుసైకిలు నిలిచియున్నది. పాలక్యానులు, ఎరువుల బస్తాలు, బడికి పోవు పిల్లలు, ఆసుపత్రికి పోవు రోగి, సంతకు పోవు కూరగాయలు, సమస్తమును దాని వీపుమీదనే. కాని దాని ఆకలిదప్పులు ఇంటి పెద్దకు తెలియవు. అది కుఱ్ఱవాని సంగతి యని మనము ఊరకుందుము. పెట్రోలు పోసిన పరుగెత్తునని మాత్రము తెలియును. దానికిని ఊపిరి యొకటి కలదని మనకు తోపదు.

అమరకోశము వల్లించినవారికి జ్ఞాపకముండును. అగ్నికి గల పేర్లలో వాయుసఖుడనునది యొకటి. గాలి చెలికాడుగా గలవాడని దాని యర్థము. పొయ్యి రాజవలయునన్న గొట్టముతో ఊదుదుము. కుంపటికి విసనకఱ్ఱ, కమ్మరి కొలిమికి తిత్తి. మోటారుసైకిలు ఇంజనునకును అంతియే. అందు మండునది పెట్రోలు, మండనిచ్చునది గాలి. ఒక కిలో పెట్రోలు చక్కగా దహింపవలయునన్న సుమారు 15 కిలోల గాలి కావలయును. గాలికి బరువేమి యని నవ్వకుడు. కొలతలో చెప్పిన, ఒక లీటరు పెట్రోలునకు కావలసిన గాలి 9,000 లీటర్లకు పైబడును. పెట్రోలునకు మనము వెల యిత్తుము గావున దానిని చుక్క చుక్కగా లెక్కింతుము. గాలికి వెల లేదు గావున దాని యూసే తలపెట్టము.

ఈ గాలి పీల్చుట యెట్లు జరుగునో చూతము. సంధ్యావందనము చేయువారికి ప్రాణాయామము తెలియును. పూరకము, కుంభకము, రేచకము అని దాని అంగములు మూడు. ఇంజనులో సిలిండరు అను లోహపు గొట్టము కలదు. దానిలో పైకిని క్రిందికిని ఆడునది పిస్టను. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి వచ్చును. ఇది పూరకము. పిమ్మట తలుపులు మూసికొని, పిస్టను పైకి లేచి, ఆ మిశ్రమమును ఇఱుకున బెట్టి నొక్కును. ఇది కుంభకము. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ రాల్చును. మంట పుట్టి పిస్టనును క్రిందికి త్రోయును. ఆ త్రోపే చక్రమును త్రిప్పు బలము. మరల పిస్టను లేచి పొగను సైలెన్సరు త్రోవను వెలికి పంపును. ఇది రేచకము. ఇంజను నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునప్పుడు ఈ పూరకము 2,500 మారులు జరుగును. ఇంత వేగముగ శ్వాసించు ప్రాణి మన కొట్టములో మఱియొకటి లేదు.

అట్టి ప్రాణి మన దారులమీది దుమ్ముతో కూడిన గాలిని ఉన్నదున్నట్లు పీల్చిన నేమగును? దుమ్ములో సన్నని యిసుక కలదు. ఇసుక రేణువు పిస్టనుకంటెను గట్టిది. అది పిస్టను చుట్టునుండు రింగులకును సిలిండరు గోడకును నడుమ చేరి, సానరాయివలె రాచి, అరగదీయును. నాలుగు చక్రముల బండియైనను రెండు చక్రముల బండియైనను ఈ బాధ తప్పదు. కావుననే బండి చేసినవారు గాలి వచ్చు త్రోవలో ఒక పెట్టె నమర్చి, అందు ఎయిరు ఫిల్టరు అను వడపోత నుంచిరి. మన ముక్కులో వెండ్రుక లెట్టివో అది యట్టిది. సామాన్యముగ అది సీటు క్రిందనో, ప్రక్క మూత లోపలనో దాగియుండును. అందుచేతనే మనము దానిని ఎన్నడును చూడము.

ఈ ఫిల్టరులలో ముఖ్యముగ మూడు తెగలు కలవు. మొదటిది పొడికాగితపు ఫిల్టరు. విసనకఱ్ఱవలె మడతలు మడతలుగా నుండును. రెండవది నూనె పట్టించిన కాగితపు ఫిల్టరు. దుమ్ము ఆ జిడ్డునకు అంటుకొని నిలిచిపోవును. మూడవది స్పాంజి ఫిల్టరు. పూర్వపు బండ్లలో విరివిగా నుండెడిది. నేడును కొన్నిటిలో గలదు. పొడికాగితమును మెల్లగ దులిపి, లోపలి నుండి వెలుపలికి గాలి కొట్టి కొంతకాలము వాడవచ్చును. నూనె కాగితమును దులుపరాదు, కడుగరాదు, గాలి కొట్టరాదు. గడువు తీరిన పిదప మార్చుటయే విధి. స్పాంజిని సబ్బునీట కడిగి, పిండి, నీడను బాగుగ ఆఱనిచ్చి, నూనె పట్టించి, మరల పిండి, అమర్చవలయును. దానిని పెట్రోలుతో కడుగుట మాత్రము నిప్పుతో చెలగాటము. మన బండిలోని దే తెగయో, గడువెంతయో బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. ఆ పుస్తకము ప్రతి యింటను బీరువా యడుగున భద్రముగ నుండును. దానిని పైకి తీయుడని నా మనవి. నూర్పుల కాలమున, వరిధాన్యము రోడ్డుపై ఎండబోసిన దినములలో, మట్టిదారుల ఊళ్లలో, పుస్తకములో చెప్పిన గడువుకంటెను ముందుగనే చూడవలయును.

దుమ్మును గూర్చి యింతటితో చాలింతును. నేటి ముఖ్యవిషయము నీరు.

ముందుగ ఒక భయము తీర్పవలయును. వానలో బండి నడిపినంత మాత్రమున ఫిల్టరులోనికి నీరు పోదు. గాలి పీల్చు నోరు వానకు ఎదురుగ నుండదు. సీటు క్రింద మఱుగున నుండును. పెట్టె యడుగున చేరిన కొలది చెమ్మ దిగిపోవుటకు సన్నని గొట్టమొకటి క్రిందికి వ్రేలాడుచుండును. ఆ గొట్టపు కొనను అప్పుడప్పుడు చూచి, అందు చేరిన నీరును నూనెను కార్చివేయవలయును. గండము వానలో లేదు. రెండు చోట్ల కలదు. ఒకటి, చప్టామీద పారు నీటిలోనికి బండి దింపుట. రెండు, బండిని కడుగునప్పుడు పంపు గొట్టమును సీటు క్రిందికి గురిపెట్టి కొట్టుట. మన పల్లెలలో మూడవది కూడ కలదు. గేదెను కడిగినట్లే బండిని సయితము కాలువలోనికి దింపి, నడుము లోతున నిలిపి కడుగుట. గేదెకు నీరు ప్రీతి. మోటారుసైకిలులోని యగ్ని బడబాగ్ని కాదు; అది నీటిలో బ్రతుకదు.

నీరు తగిలిన కాగితపు ఫిల్టరు ఉబ్బి, మడతలు ఒకదాని కొకటి అంటుకొని, గాలి పోవు సందులు పూడిపోవును. తడిబట్ట ముక్కున కడ్డము పెట్టుకొని పరుగెత్తుమన్న మనిషి యెట్లుండునో బండియు అట్లే యుండును. గాలి తగ్గును, కార్బురేటరు బండ్లలో పెట్రోలు మాత్రము ఎప్పటివలె వచ్చుచుండును. అప్పుడు సరిగా కాలక నల్లని పొగ వచ్చును. బండి గొంతు మాఱును. త్రిప్పినకొలది బలము రాక గుక్కపట్టినట్లు నిలిచి నిలిచి పోవును, తుదకు ఆగిపోవును. తడిసిన కాగితమును ఎండబెట్టి మరల పెట్టిన చాలదా యని కొందఱడుగుదురు. చాలదు. ఒకమారు నానిన కాగితము ఎండిన పిదప వంకరపోవును. కొన్ని యెడల చిట్లును. చిట్లిన చోటు కంటికి కానరాకున్నను దుమ్మునకు రాజమార్గమగును. క్రొత్త ఫిల్టరు వెల చిన్న బండ్లకు కొలది వందల రూపాయలు. ఇంజను మరమ్మతు వేల రూపాయలు. ఇక ఫిల్టరే లేకుండ తోలిన బండి చుఱుకుగ పోవునని చెప్పువారు కలరు. వారి మాట వినరాదు. ఇంటికి తలుపు తీసివేసిన గాలి బాగుగ వచ్చును, నిజమే. గాలితో బాటు మఱెవరు వత్తురో కూడ ఆలోచింపవలయును గదా.

ఇదంతయు తీఱునట్టి కష్టము. తీఱనిది మఱియొకటి కలదు. దానిని చెప్పుటకు నా కథ చెప్పక తప్పదు.

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న గ్రామము. ఊరికిని పెద్దరోడ్డునకును నడుమ ఒక మురుగుకాలువయు, దానిపై చప్టాయు కలవు. 2021వ సంవత్సరము శ్రావణమాసమున ఒక రాత్రి కుండపోతగ వాన కురిసినది. తెల్లవాఱుసరికి చప్టామీద మోకాటి లోతున నీరు. పాఱుట మాత్రము మందముగ నుండెను. మా వీధి కుఱ్ఱవాడొకడు ఇంటింట పాలు సేకరించి పట్టణములో పోయుచుండును. తండ్రి పక్షవాతముతో మంచము పట్టినవాడు. ఆ పాల వాడుకలే ఆ యింటి పొయ్యి. ఆ కుఱ్ఱవాడు ఇరుప్రక్కల క్యానులు కట్టుకొని నీటిలోనికి బండి దింపినాడు. నడుమకు పోవుసరికి బండి దగ్గి, గుటుక్కుమని ఆగిపోయినది. మేము నలుగురము దిగి, బండిని అవతలి గట్టునకు చేర్చితిమి.

కుఱ్ఱవాడు కిక్కు త్రొక్కినాడు. అది సగము దిగి రాయివలె నిలిచిపోయినది. "మాస్టారూ, కిక్కు దిగడంలేదండీ" అని నా మొగము చూచినాడు. ఆ చూపులో గల నమ్మకము నా కిప్పటికిని కనుల యెదుట నున్నది. వానికి నేను అక్షరాభ్యాసము చేసినవాడను. నేను చెప్పినది తప్పగునని వానికి తోచదు. అచ్చట నాకు తెలియదనవలసినది. అట్లనక, "ఒరే అబ్బాయీ, చలిపట్టి ఉంటుందిరా. గట్టు దిగుడున్నది కదా, గేరులో పెట్టి తోద్దాం, అదే అందుకుంటుంది" అన్నాను. అనుటయే కాదు, నేనును చేయి వేసి త్రోసితిని. బండి పల్లమున వేగమందుకొన్నది. కుఱ్ఱవాడు క్లచ్చి వదలినాడు. లోపల ఎండుకట్టె విఱిగినట్లు ఒక చప్పుడైనది. చక్రము జారుచు నిలిచిపోయినది.

పట్టణపు మెకానిక్కు ఇంజను విప్పి చూపినాడు. పిస్టనును క్రిందనున్న క్రాంకుతో కలుపు కడ్డీ కలదు. దానిని కనెక్టింగు రాడ్డందురు. అది కొడవలివలె వంగియున్నది. ఆ మెకానిక్కు నావద్ద చదివినవాడే. ఛందస్సులో గణవిభజన రానందుకు వానిని నేను గోడకుర్చీ వేయించిన దినములు కలవు. వాడే నాడు నన్ను బల్లమీద కూర్చుండబెట్టి పాఠము చెప్పినాడు. ఆ పాఠము మీకు అప్పగించుచున్నాను.

గాలికి అణగు గుణము కలదు, నీటికి లేదు. సైకిలు పంపు కొనను వ్రేలితో మూసి నొక్కిన గాలి కొంత యణగును. దానినిండ నీరు పోసి నొక్కిన కాడ కదలదు. ఇంజను కుంభకములో ఆధారపడునది గాలియొక్క ఈ యణకువమీదనే. మన చిన్న బండ్లలో పిస్టను ఒకమారు కదలు చోటు సుమారు 100 మిల్లీలీటర్లు. ఆ మిశ్రమమును పిస్టను సుమారు తొమ్మిదవ వంతునకు అణచునని లెక్కకై తలపుడు. అప్పుడు పిస్టను పూర్తిగ పైకి లేచినప్పుడు దాని నెత్తిన మిగులు చోటు 12 లేక 13 మిల్లీలీటర్లు మాత్రమే. ఆచమనమునకు మనము తీసికొను నీటిని స్మరింపుడు. మూడు నాలుగు ఉద్ధరిణెల నీరు. అంతకు మించి నీరు సిలిండరులో చేరెనా, పిస్టను పైకి పోజాలదు. మెల్లగ త్రొక్కిన కిక్కు నిలిచిపోవును. అది ఆ యంత్రము మనలను బ్రతిమాలుట. లోన నీరున్నది, త్రిప్పకుడని దాని భాష. ఆ భాష తెలియని నేను బండి బరువును, మనిషి బరువును, పల్లపు వేగమును దానిమీద ప్రయోగించితిని. నీరు అణగలేదు, పిస్టను ఆగలేదు, నడుమ కడ్డీ వంగినది.

నీరు సిలిండరులోనికి వచ్చిన త్రోవ యేదో కూడ వాడు చూపినాడు. ఫిల్టరు పెట్టెలో నీరు నిండి, కాగితము నాని, ఇంజను పీల్చిన పీల్పునకు ఆ నీరు కార్బురేటరు గుండ లోనికి పోయినది. ఇంజను ఆగిన పిదప సైలెన్సరు మునిగియుండుటచేత అటునుండియు నీరు ప్రవేశింపవచ్చును. సిలిండరు గోడవెంట దిగిన నీరు ఇంజను నూనెతో కలిసి, ఆ నూనె పాలు పోసిన కాఫీ రంగునకు మాఱియున్నది. అట్టి నూనె జాఱుగుణము కోల్పోయి, బేరింగులను కాపాడజాలదు.

మరమ్మతునకు ఎనిమిది వేల రూపాయలకు పైగా నైనది. అంతకంటె పెద్ద నష్టము, బండి పండ్రెండు దినములు దుకాణములో నుండుట. ఆ పండ్రెండు దినములలో పట్టణపు వాడుకలు సగము ఇతరులకు పోయినవి. పాలు పోయక ఎవరు ఊరకుందురు? నేను సగము ఖర్చు పెట్టుకొందునని ఆ యింటికి పోయితిని. మంచముమీదనున్న తండ్రి మాట తడబడుచుండగా, "మీరు మా మేలు కోరే చెప్పారు కదా మాస్టారు గారూ, మీ దగ్గర డబ్బు తీసుకోవడమేమిటండీ" అని చేతులు జోడించినాడు. ఆయన నన్ను తిట్టియుండిన నాకు సుఖముగ నుండెడిది.

ఇక బండి నీటిలో ఆగిపోయిన యెడల చేయవలసినది క్రమముగ చెప్పెదను. పిల్లలకు ఎక్కము నేర్పినట్లు ఇంటిలోని కుఱ్ఱవాండ్రకు నేర్పుడు.

మొదటిది, త్రిప్పకుండుట. కిక్కు త్రొక్కరాదు, సెల్ఫు మీట నొక్కరాదు, త్రోసి గేరు వేయరాదు. తాళము తీసివేసి, న్యూట్రలులో బండిని మెట్టకు నడిపించుకొని పోవలయును. ఇంజను ఆగిన పిదప నీరు లోపల నున్నను ఊరకయున్నంతసేపు అది కడ్డీని వంపదు. వంచునది మన తొందర.

రెండవది, ఫిల్టరు మూత విప్పి చూచుట. ఫిల్టరు పొడిగ నున్న యెడల నీరు లోనికి పోలేదని కొంత ధైర్యము. బండి ఆగుటకు ప్లగ్గు టోపీ తడియుట వంటి చిన్న కారణము కావచ్చును. ఫిల్టరు తడిసి, పెట్టెలో నీరు నిలిచియున్న యెడల నీరు సిలిండరులోనికి పోయినట్లే భావింపవలయును.

మూడవది, తెలిసిన మెకానిక్కు చేత ప్లగ్గు ఊడదీయించి, ఆ రంధ్రము తెఱచియుండగా ఇంజనును మెల్లగ త్రిప్పించుట. అప్పుడు నీటికి వెలికిపోవు ద్వారముండును గావున ఆ రంధ్రము గుండ చిమ్ముకొని పోవును. నీటితో పెట్రోలును చిమ్మును గావున దాపున బీడీ, చుట్ట, నిప్పు ఉండరాదు. ప్లగ్గు తీగ దూరముగ నుంచవలయును. మొగము ఎదుట పెట్టి చూడరాదు. పిమ్మట కార్బురేటరులోని నీరు తీసివేసి, క్రొత్త ఫిల్టరు పెట్టి, నూనె మార్చవలయును. నూనె పాలరంగునకు తిరిగియున్న యెడల ఒకమారు మార్చిన చాలదు. కొంతసేపు నడిపి మరల మార్పవలయును.

నాల్గవది, బండి పూర్తిగా మునిగిన యెడల పెట్రోలు ట్యాంకును ఖాళీచేయించుట. పెట్రోలు నీటికంటె తేలిక; నీరు అడుగునకు దిగును. ఇంజనునకు పోవు గొట్టము అడుగుననే యుండును గావున మొదట పోవునది నీరే. 2020 ఏప్రిలు నుండి మన దేశమున క్రొత్త కాలుష్య నియమములు వచ్చిన పిదప అమ్మిన పెట్రోలు బండ్లలో కార్బురేటరునకు మాఱుగ ఇంజెక్షను పద్ధతియు, దానిని నడపు విద్యుత్పరికరములును సామాన్యమైనవి. అట్టివి మునిగిన యెడల తాళము సైతము త్రిప్పక, బ్యాటరీ మైనసు తీగ విప్పించి, ఆ పని తెలిసినవారి యొద్దకు చేర్పవలయును. ఈ పనులలో ఆలస్యమును కూడదు. నీరు లోననే నిలిచిన యెడల కొలది దినములలోనే సిలిండరు గోడకును బేరింగులకును త్రుప్పు పట్టును.

స్కూటరు వాడు ఆడపిల్లలకును ఉపాధ్యాయినులకును ఒక మాట. స్కూటరులలో ఫిల్టరు పెట్టె తఱచుగా వెనుక చక్రము ప్రక్కన, మోటారుసైకిలులోకంటె క్రిందుగ నుండును. దాని దాపుననే చక్రమును త్రిప్పు బెల్టు కూడ నుండును. ఆ గదిలో నీరు చేరిన బెల్టు జాఱి బండి కదలదు. కావున మోటారుసైకిలు దాటిన నీరు స్కూటరు దాటునని తలపరాదు.

2020 అక్టోబరులో హైదరాబాదు వీధులును, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలును నీట మునిగినప్పుడు ఎన్నియో ఇండ్ల ముందరి బండ్లు మునిగిపోయినవి. ఇన్సూరెన్సు సంగతి అప్పుడు పలువురకు తెలియవచ్చినది. చట్టము తప్పనిసరి చేసినది థర్డుపార్టీ ఇన్సూరెన్సు మాత్రమే. అది మన బండివలన ఇతరులకు కలిగిన నష్టమునకే గాని, మన బండి మునిగిన నష్టమునకు కాదు. దానికి సొంత బండి నష్టమునకు వర్తించు పాలసీ వేఱుగ నుండవలయును. అట్టి పాలసీ యున్నను, నీటిలో మునిగిన బండిని యజమాని స్టార్టు చేసి ఇంజను చెఱుపుకొన్న యెడల ఆ ఇంజను ఖర్చును కంపెనీలు తఱచుగా నిరాకరించును. కావున మునిగిన బండిని ఉన్నచోటనే ఫోటో తీసి, కంపెనీకి తెలిపి, తరువాతనే కదల్పుట మేలు. పాలసీ కాగితము తీసికొనునాడే చదువుకొన్న యెడల వరదనాడు వెదకుకొన నక్కఱలేదు.

కడుగుట విషయమున మూడు నియమములు. ఇంజను చల్లాఱిన పిదపనే కడుగవలయును. నీటి ధారను సీటు క్రిందికిని, సైలెన్సరు కొనకును గురిపెట్టరాదు. సైలెన్సరు నోటిలో గుడ్డ క్రుక్కిన యెడల, స్టార్టు చేయుటకు ముందు దానిని తీయుట మఱవరాదు. ఒక బకెట్టు నీరు, ఒక గుడ్డ మన బండికి చాలును. కాలువ గేదెకు వదలుదము.

తుదకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇంతసేపును ఇంజను పోవునని చెప్పితిని. ఇంజను ఎనిమిది వేల రూపాయలకు మరల వచ్చును. పారు నీరు ఆఱు అంగుళముల లోతున్నను నిలిచిన మనిషిని పడద్రోయగలదు. చప్టామీది నీరు పైకి నిలుకడగ కనిపించును. అడుగున రాళ్లు కొట్టుకొనిపోయి గొయ్యి పడియుండవచ్చును. బండి నడుమ నాగిన, కుఱ్ఱవాడు దానిని విడువలేక, హాండిలు పట్టుకొని దానితో బాటు కొట్టుకొనిపోవును. ప్రతి వానకాలమునను మనము వినుచునే యున్న వార్త యిది. నీరు బండి ఇరుసు నంటు లోతున, అనగా సుమారు ఒక అడుగున, ఉన్న యెడల నిలిచిన నీటిలోనైనను దింపరాదు. పారు నీటిలోనికి ఏ కొలతను దింపరాదు. ఎడ్లబండి కాలమున వాగు తీయువఱకు గట్టున బండ్లు వరుసగ నిలిచియుండెడివి. అందు అవమానమేమియు లేకుండెను. పెద్దవారు చుట్ట ముట్టించి, "తీయనీ" అనెడివారు. ఆ "తీయనీ" అను మాటను మనము మరల నేర్చుకొనవలయును.

మా పాల కుఱ్ఱవాడు నేర్చుకొన్నాడు. మఱుచటి యేడు చప్టా మునిగిన దినమున వాడు ఇవతలి గట్టుననే బండి నిలిపినాడు. నీరు తీయుసరికి మధ్యాహ్నమైనది. ఆనాటి పాలు పట్టణమునకు పోలేదు. వాని తల్లి వానిని తోడువేసినది. నష్టమే. కాని మఱునాడు తెల్లవాఱుజామున ఆ బండి చప్పుడు మా వీధిలో ఎప్పటివలెనే వినవచ్చినది. నేను అరుగుమీద కూర్చుండి ఆ చప్పుడును చాలసేపు వింటిని.

మన యిండ్లలోని పిల్లలు యంత్రముల సంగతి మనకంటె బాగుగ నెఱుగుదురు. అయినను ఆపదవేళ వారు మన మొగమే చూతురు. ఆ వేళ తెలిసినది చెప్పుదము. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవానిని పిలిపింతము.